కనిపెట్టుకొనిన దినములు

ధ్యానమునకు వాక్యభాగము: యాకోబు పత్రిక 5వ అధ్యాయము, 7 నుండి 11 వచనములు



ఎదురుచూచుట ఎట్టిదో పల్లెలలో నివసించు మనకు ఒకరు నేర్పనక్కరలేదు. కాలువకు నీరు ఎప్పుడు వదలుదురో అని ఎదురుచూతుము. మిల్లుకు తోలిన ధాన్యమునకు డబ్బు ఎప్పుడు పడునో అని ఎదురుచూతుము. గల్ఫు దేశమునకు వెళ్లిన బిడ్డ ఫోను కొరకు రాత్రివేళ మేలుకొని ఎదురుచూతుము. ఎదురుచూచుట మనకు అలవాటైన పనియే. గాని చక్కగా ఎదురుచూచుట మనకు చేతనైన పని కాదు. ఈ సంగతిని మేము ఒక బండి మూలముగా నేర్చుకొంటిమి. ఇందులో మాకు సిగ్గు కలిగించు భాగమును కలదు. అయినను మీకు మేలు కలుగునని తలంచి దాచక వ్రాయుచున్నాము.

మా పాస్టరేటులో తొమ్మిది గ్రామములున్నవి. కడపటి గ్రామము మేమున్న చోటికి ఇరువది రెండు కిలోమీటర్లు. పట్టణములోని పెద్ద ఆసుపత్రి ముప్పది ఎనిమిది కిలోమీటర్లు. ఆరాధనలకు, మరణములకు, రోగుల దర్శనమునకు వెళ్లుటకు మాకొక పాత మోటారు సైకిలు తప్ప మరేమియు లేకుండెను. కాబట్టి 2018వ సంవత్సరపు కోత పండుగనాడు, తొమ్మిది మంది కూర్చొనదగిన ఒక బండిని కొనవలెనని సంఘమంతయు తీర్మానించెను. ఆ నాటి నుండి స్త్రీలు గుప్పెడు బియ్యము తీయ నారంభించిరి. పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారి ఒక గుప్పెడు బియ్యము వేరొక కుండలో వేసి, నెలకొకసారి గుడికి తెచ్చిరి. కోత పండుగ వేలములో గుమ్మడికాయకు, కోడిపెట్టకు, అరటి గెలకు మన వారు మూడింతల వెల పాడిరి. ఉద్యోగములలోనున్న బిడ్డలు కొంత పంపిరి. ఇట్లు మూడేండ్లు గడచిన తరువాత 2021వ సంవత్సరము సెప్టెంబరు మాసములో పట్టణములోని ఒక షోరూములో బయానా కట్టితిమి. “పది వారాలండి. క్రిస్మసుకు బండి మీ గుడి ముందు ఉంటుంది” అని వారు చెప్పిరి.

ఆ క్రిస్మసు వచ్చెను, పోయెను. బండి రాలేదు. సంక్రాంతి వచ్చెను, బండి రాలేదు. మట్టల ఆదివారమున బిడ్డలు మట్టలు పట్టుకొని నడచిరి, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో పాడితిమి, అప్పటికిని బండి రాలేదు. షోరూమువారు ఫోను చేసినప్పుడెల్ల ఒకే మాట: “చిప్పు రాలేదండి.”

ఈ చిప్పు అనగా ఏమని మాలో అనేకులు అడిగిరి. తెలిసికొని చెప్పుట మంచిదని మేమును కొంత చదివితిమి. ఇసుకలో నుండి తీసిన సిలికాను అను పదార్థముతో చేయు చిన్న బిళ్ల అది. అనేకము వేలిగోరు కన్న చిన్నవి. ఇంజనులోనికి ఎంత నూనె పోవలెనో, బ్రేకు ఎట్లు పట్టవలెనో, ప్రమాదములో గాలిసంచి ఎప్పుడు విప్పుకొనవలెనో నిర్ణయించునవి ఇట్టి చిప్పులే. నేటి బండిలో ఇవి వందల కొలది యుండును, కొన్ని బండ్లలో వెయ్యికి పైగా నుండును. వాటిలో అనేకము ఒకటి రెండు డాలర్ల వెల చేయునవే. అయినను వాటిలో ఒకటి లేకున్న లక్షల రూపాయల బండి కర్మాగారము వాకిట కదలక నిలిచిపోవును.

అవి ఎందుకు దొరకకపోయెను? 2020లో కరోనా తెగులు వచ్చినప్పుడు బండ్లు ఎవరు కొందురులే అని తలంచి, బండ్లు చేయువారు చిప్పులు వలదని చెప్పిరి. అదే సమయమున ఇంట కూర్చొని పని చేయువారికి, చదువుకొను బిడ్డలకు ఫోనులు, కంప్యూటర్లు కావలసి వచ్చెను. చిప్పులు చేయువారు ఆ తట్టు మళ్లిరి. కొన్ని నెలలకే జనులు మరల బండ్లు కొన నారంభించిరి గాని అప్పటికి వరుసలో బండ్లవారి చోటు పోయెను. చిప్పు చేయుట ఒక నాటి పని కాదు. వందల కొలది దశలు దాటి అది సిద్ధమగుటకు మూడు నెలలకు తక్కువ పట్టదు. దీనికి తోడు 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాసులో మంచు తుపాను వచ్చి కరెంటు పోయి అక్కడి చిప్పు కర్మాగారములు మూతబడెను. మార్చిలో జపానులోని నాకా అను చోట ఒక చిప్పు కర్మాగారములో అగ్ని ప్రమాదము జరిగెను. చిప్పులకు కాళ్లు అమర్చి, కవచము తొడిగి, పరీక్షించు పని మలేషియాలో ఎక్కువగా జరుగును. ఆ సంవత్సరము మధ్యలో అక్కడ తెగులు మూలముగా ఆంక్షలు పెట్టిరి. మేము బయానా కట్టిన ఆ సెప్టెంబరు మాసములోనే మన దేశమున మారుతీ సుజుకీ సంస్థ తాను మామూలుగా చేయు బండ్లలో వందకు నలుబది మాత్రమే చేయగలనని ప్రకటించెను. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిను యుద్ధము మొదలాయెను. చిప్పుల తయారీకి కావలసిన నియాను వాయువులో పెద్ద భాగము ఆ దేశము నుండియే వచ్చుచుండెను. ఆ సంవత్సరము అక్టోబరులో జపానులో టయోటావారు క్రొత్త బండి కొన్నవారికి రెండు చిప్పు తాళములకు బదులు ఒకటే ఇచ్చి, రెండవది మామూలు తాళముగా ఇచ్చెదమనిరి. 2023 నాటికి ఆ కొరత చాలవరకు తీరెను.

అనగా మా గుడి ముందర బండి నిలుచుటకు టెక్సాసులో మంచు కరగవలెను, జపానులో మంట ఆరవలెను, మలేషియాలో రోగి కోలుకొనవలెను. సంఘము శరీరమువంటిదనియు, బలహీనముగా కనబడు అవయవము లేనిదే శరీరమునకు జరుగదనియు పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయములో బోధించెను. ఒక అవయవము బాధపడిన అన్నియు బాధపడునని మనము వందసార్లు వింటిమి. వేలిగోరంత బిళ్ల దానిని మాకు మరల నేర్పెను.

ఇప్పుడు యాకోబు చెప్పిన మాటలకు వత్తము. ప్రభువు రాకడ కొరకు ఓపికతో నుండవలెనని ఆయన తన సంఘమునకు వ్రాయుచు మూడు సంగతులను వారి ముందుంచెను.

మొదటిది, రైతును చూడుమనెను.

పాలస్తీనా దేశములో తొలి వర్షము అక్టోబరు, నవంబరు మాసములలో పడి, ఎండకు బిగిసిన నేలను విత్తుటకు మెత్తపరచును. కడవరి వర్షము మార్చి, ఏప్రిలు మాసములలో పడి కంకిలో గింజను నింపును. ఈ రెంటి మధ్య రైతు కనిపెట్టుకొని యుండవలెను. మనకు తొలకరి జూనులో వచ్చును. నెల వేరైనను రైతు స్థితి ఒకటే. మేఘమును లాగికొని వచ్చుటకు అతనికి తాడు లేదు.

అయితే ఆ దినములలో రైతు ఊరక కూర్చుండునా? గట్టు వేయును. బోదెలో పెరిగిన తూడు తీయును. నారుమడి దున్నును. పైరు ఈనిన తరువాత మంచె ఎక్కి పిట్టలను తోలును. వర్షము రైతు చేతిలో లేదు గాని గట్టు రైతు చేతిలో నున్నది. మన తెలుగు బైబిలులో ‘కనిపెట్టుకొనుట’ అను మాట తరచుగా వచ్చును. ఆ మాటను మన ఇండ్లలో ఎట్లు వాడుదుమో ఆలోచింపుడు. “కాస్త పాపను కనిపెట్టుకొని ఉండమ్మా” అని పొరుగింటామెకు అప్పగించి బజారుకు పోవుదుము. ఆమె పాపవైపు వీపు త్రిప్పి వీధివైపు చూచుచు కూర్చున్న యెడల దానిని కనిపెట్టుకొనుట అందుమా? కనిపెట్టుకొనుట అనగా రావలసినదాని కొరకు చూచుచు, చేతికి అప్పగింపబడినదానిని కాచుట.

ఈ సంగతి మాకు ఆలస్యముగా తట్టెను. మొదటి నాలుగు నెలలు మేము చేసినది ఒకటే. బండి వచ్చిన తరువాత కడపటి గ్రామమునకు పోవుదుము, బండి వచ్చిన తరువాత మంచముపట్టిన వారిని చూతుము అని ప్రతి పనిని బండి మీద పెట్టితిమి. ఒక ఆదివారము ఆ కడపటి గ్రామమునుండి వచ్చిన ఒక అవ్వ, “బండి లేనప్పుడే బాగుండేది అయ్యగారూ. అప్పుడు నెలకోసారైనా వచ్చేవారు” అనెను. ఆ మాట మా గుండెకు తగిలెను. బండి ఇంకను రాలేదు గాని వచ్చునన్న ఆశయే మమ్మును సోమరులను చేసెను.

ఆ వారమే గుడిలోని నల్లబల్ల మీద పేర్లు వ్రాసితిమి. మోటారు సైకిళ్లున్న నలుగురు యువకులు వంతులు వేసికొనిరి. మన సంఘమునకు చెందని ఒక ఆటో సోదరుడు, రాత్రివేళ రోగిని తీసికొని పోవలసివచ్చిన డీజిలు డబ్బు మాత్రమే పుచ్చుకొందునని తానై వచ్చి చెప్పెను. మేము కడపటి గ్రామమునకు బస్సుమీద పోయి, తిరిగి వచ్చుటకు బస్సు లేనందున అక్కడనే రాత్రి బసచేయుచు వచ్చితిమి. అంతవరకు ఆ గ్రామములో మేము చేసినది పగటివేళ ఒక గంట ఆరాధన మాత్రమే. రాత్రి ఉండుట మొదలుపెట్టిన తరువాతనే, కూలికి పోయి చీకటిపడి వచ్చువారిని చూచితిమి. ఎవరింట అన్నము లేదో, ఎవరు త్రాగి భార్యను కొట్టుచున్నారో, ఏ బిడ్డ బడి మానెనో అప్పుడు తెలిసెను. బండి సమయమునకు వచ్చియున్న యెడల సాయంకాలమే ఇల్లు చేరియుందుము, ఇవన్నియు మాకు తెలియకయే పోయియుండును.

తెలుగు సంఘమునకు కనిపెట్టుకొనుట క్రొత్తది కాదు. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టెను. అనేక సంవత్సరములు ఫలము కొద్దిగానే కనబడినందున ఆ మిషనును మూసివేయవలెనా అని అమెరికాలో ఒకటి కంటె ఎక్కువ సార్లు చర్చించిరి. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమందియే. 1876 మొదలుకొని 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును పూనుకొని ఆకలిగొన్నవారికి పని, కూలి ఇప్పించెను. అప్పుడు వేలకొలది జనులు బాప్తిస్మము అడిగిరి. ఆయన ఇయ్యలేదు. కూటి కొరకు వచ్చుచున్నారో, ప్రభువు కొరకు వచ్చుచున్నారో తేలవలెనని కరవు సహాయము ముగియువరకు ఆగెను. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆగిన ఆ నెలలలో ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు, కాలువ త్రవ్వించెను. రైతు గట్టు వేయుట ఇట్టిదే.

రెండవది, ఒకరిమీద ఒకరు సణగవలదని యాకోబు చెప్పెను.

వర్షమును గూర్చి చెప్పుచున్నవాడు నడుమ ఈ మాట ఎందుకు చెప్పెనని మేము పూర్వము అనుకొనుచుంటిమి. ఇప్పుడు తెలిసెను. ఆలస్యమైనప్పుడు మనము మేఘమును తిట్టము, పక్కనున్న మనిషిని తిట్టుదుము. సీనాయి కొండ క్రింద ఇశ్రాయేలీయులు చేసినది ఇదే. మోషే కొండ దిగుటకు తడవు చేయగా, తమ్మును ఐగుప్తునుండి నడిపించినవాడు ఏమైపోయెనో అని అతనినే తేలిక చేసి మాటలాడిరి. ఆ వెంటనే దూడను చేసికొనిరి.

మా మధ్యను ఒక దూడ తయారు కాబోయెను. పట్టణములో ఒక మధ్యవర్తి, నలుబది వేల రూపాయలు పైగా ఇచ్చిన యెడల వేరొకరి వంతులో మాకు బండి ఇప్పించెదనని చెప్పి పంపెను. సంఘ పెద్దలలో ఒకరిద్దరు సరే యనిరి. మా సంఘ కోశాధికారి, ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులు. ఆయన ఒప్పుకొనలేదు. “మన ముందు వరుసలో ఉన్నవాడు కూడ మనలాంటివాడే కదండి. వాడింట్లో ఏ అవసరముందో” అనెను. ఆ మాట కొందరికి గిట్టలేదు. కాలువగట్టున టీ కొట్టు దగ్గర ఒక మాట పుట్టెను: “బండి త్వరగా రావడం మాస్టారికి ఎందుకు ఇష్టం లేదు? బయానా కట్టాడో లేదో. డబ్బు వడ్డీకి తిప్పుతున్నాడేమో.” ఆ మాట తొమ్మిది గ్రామములు తిరిగెను. దానికి బండి అక్కరలేకపోయెను.

ఆ మాట మా చెవిని కూడ పడెను. ఇక్కడ మేము మా తప్పు ఒప్పుకొనవలెను. ముప్పది యేండ్లుగా సంఘపు పైసాకు లెక్క చెప్పిన మనిషిని గూర్చి అట్లనుచున్నప్పుడు, మేము ఖండింపక ఊరకుంటిమి. అంతటితో ఆగక, ఫిబ్రవరి మాసపు సర్వసభ్య సమావేశములో ఆయనతో ముందుగా ఒక మాటయైనను చెప్పక, “మాస్టారూ, బయానా రసీదు సభకు చూపించండి” అని అందరియెదుట అడిగితిమి. ఆయన లేచి, బైబిలులో మడిచి యుంచుకొనిన రసీదు తీసి బల్లమీద పెట్టెను. చేతులు వణకెను. తేదీ సరిగానే యుండెను, మొత్తము సరిగానే యుండెను. “అయ్యగారూ, మీరు అడిగినందుకు నాకు బాధ లేదు. లెక్క అడగవలసిందే. ముందు నన్ను ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది” అని కూర్చుండెను. సభలో ఎవరును మాటలాడలేదు.

ఆ రాత్రి మేము ఆయన ఇంటికి పోయి క్షమాపణ వేడుకొంటిమి. ఆయన భార్య మజ్జిగ ఇచ్చెను. ఆయన క్షమించెను. అయినను వేయిమందిలో పోయిన పేరు నాలుగు గోడల మధ్య చెప్పిన క్షమాపణతో తిరిగి రాదని గ్రహించి, మరుసటి ఆదివారము బల్లారాధనకు ముందు సంఘమంతటి యెదుట మా తప్పు ఒప్పుకొంటిమి. టీ కొట్టు దగ్గర మొదట ఆ మాట అన్నవాడును లేచి ఏడ్చెను. తీర్పు తీర్చువాడు తలుపు దాక వచ్చియున్నాడని యాకోబు చెప్పినది ఇందుకే. రావలసిన బండి ఏ దినమున వచ్చునో అని వాకిలివైపు చూచితిమే గాని, ఆ వాకిటనే నిలిచి మన మాటలను వినుచున్నవానిని చూడకపోతిమి.

షోరూములోని పిల్లవానిని గూర్చియు ఒక మాట. మా పెద్దలు ఒకసారి పోయి అతనిని గట్టిగా కేకలు వేసిరి. అతడు తలవంచుకొని, “మాకే తెలియదండి. పైవాళ్లు చెప్పిందే మీకు చెప్తున్నాం” అనెను. బండ్లు ఇచ్చినకొలది వచ్చు పైడబ్బుతోనే అతని ఇల్లు గడచుననియు, బండ్లు రానందున నెలల తరబడి అతడును సగము జీతముతో బ్రదుకుచున్నాడనియు తరువాత తెలిసెను. మనకు బండి ఆలస్యమాయెను, అతనికి అన్నమే ఆలస్యమాయెను.

మూడవది, ప్రవక్తలను చూడుమని యాకోబు చెప్పెను.

ప్రవక్తలలో యిర్మీయాను తలంచుకొందము. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియుండగా, తాను చెరసాల ప్రాకారములో నుండగా, ఆయన అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండి తూచి కొనెను. ఆ పొలము అప్పటికే శత్రువుల కాళ్లక్రింద నున్నది. అయినను సాక్షులను పిలిచి, క్రయపత్రము వ్రాయించి, ముద్రవేసి, అది బహు దినములు నిలుచునట్లు మట్టికుండలో పెట్టుమని బారూకుకు ఆజ్ఞాపించెను. ఈ సంగతి ఆయన గ్రంథములో 32వ అధ్యాయములో నున్నది. ఆయన ఆ పొలమును ఎన్నడైనను దున్నినట్లు లేఖనములలో లేదు. ఆయనను బలవంతముగా ఐగుప్తునకు తీసికొనిపోయిరి. తాను అనుభవింపని పొలమునకు వెల చెల్లించి, ఆ పత్రమును తన తరువాతి వారి కొరకు కుండలో ఉంచెను.

మాకును ఒక కుండ కలదు. మా సంఘములో ఒక వృద్ధురాలుండెను. ఏండ్ల క్రిందట ఆమె భర్తను చేనిలో పాము కరచెను. నులకమంచము మీద మోసికొని పోవుచుండగా, రోడ్డు చేరకముందే ఆయన ప్రాణము విడిచెను. బండి కొనవలెనని తీర్మానించిన నాడు అందరికన్న ముందు చేయెత్తినది ఆమెయే. అరువదియేండ్లు దాటినను నాట్లకు పోయి తెచ్చికొన్న బియ్యములో ప్రతిపూట గుప్పెడు తీసెను. 2022 జనవరిలో మేము చూడబోయినప్పుడు, “అయ్యగారూ, బండి వచ్చేసరికి నేనుంటానో లేదో. నా బియ్యం మాత్రం లెక్కలో వెయ్యండి” అనెను. మార్చి మాసములో ఆమె ప్రభువునందు నిద్రించెను. బండి ఇంకను రాలేదు. ఆమెను భుజములమీదనే మోసికొని పోయితిమి. భూస్థాపనకు మరునాడు కోడలు ఒక కుండ తెచ్చి మా బల్లమీద పెట్టెను. సగము వరకు బియ్యముండెను. అంతకుముందు నాటి రాత్రి వరకు ఆమె చేయి ఆ కుండలో పడుచునే యుండెనని కోడలు చెప్పెను.

ఆ కుండను చూచిన తరువాత మా ఆతురత కొంత తగ్గెను. బండి మన కొరకు అనుకొన్నంతకాలము ప్రతిదినపు ఆలస్యము మనకు అన్యాయముగా తోచును. ఇతరుల కొరకు అనుకొన్నప్పుడు మన వంతు ఏమనగా, కుండలో గుప్పెడు వేయుటయే.

ప్రియులారా, 2022 ఆగస్టు మాసములో, బయానా కట్టిన పదునొకండు నెలలకు, ఒక గురువారమునాడు బండి వచ్చెను. బయానా నాటి ధర లెక్కకు రాదు, చేతికి వచ్చిన నాటి ధరయే ఇయ్యవలెనని చెప్పినందున మరికొంత సొమ్ము చేర్చవలసి వచ్చెను. ఆదివారము ప్రతిష్ఠ ఆరాధన జరిపి అటుపిమ్మట బండి తీయవలెనని పెద్దలు నిర్ణయించిరి. గుడి ప్రక్కన వేపచెట్టు క్రింద బండి నిలిపి, తాళము కోశాధికారి యొద్ద ఉంచితిమి.

శుక్రవారము రాత్రి పదిగంటలకు చేపల చెరువు కాపలాదారుని కొడుకును పాము కరచెను. వారు మన సంఘమువారు కారు. 108 బండికి ఫోను చేయగా, అది మరియొక రోగితో పోయినదనియు, గంట పట్టుననియు చెప్పిరి. తండ్రి బిడ్డను ఎత్తుకొని గుడివైపు పరుగెత్తి వచ్చెను. “ప్రతిష్ఠ కాలేదు కదా” అని ఎవరో అనిరి. మాస్టారు అప్పటికే తాళము తెచ్చి బండి తలుపు తీసియుండెను. “పదకొండు నెలలు ఆగాం. ఇప్పుడు ఆగకూడదు” అనెను. ఒక యువకుడు బండి తోలెను. పెద్ద ఆసుపత్రిలో విషమునకు మందు ఎక్కించిరి. బిడ్డ బ్రదికెను.

ఆదివారము ప్రతిష్ఠ ప్రార్థనలో మాకు మాటలు రాలేదు. ఆ వృద్ధురాలి కుండను బండి ముందు పెట్టి మౌనముగా నిలిచితిమి. కనిపెట్టుకొనుటకు ఒక కాలము కలదు, పరుగెత్తుటకు ఒక కాలము కలదు. కనిపెట్టుకొనిన కాలములో మన హృదయమును కాచుకొన్న యెడల, పరుగెత్తవలసిన గడియ వచ్చినప్పుడు దానిని గుర్తుపట్టుదుము.

ఒక మాట చెప్పి ముగింతుము. మనుష్యుడు చెప్పిన తేదీ తప్పును. అతడు అబద్ధికుడైనందున మాత్రమే కాదు. అతని చేయి మరియొకని చేతిమీద, ఆ చేయి వేరొకని చేతిమీద ఆనుకొని యున్నందున. దేవుని వాగ్దానము ఎవరి సరుకు కొరకును ఆగదు. అయినను ఆయన తడవు చేయునప్పుడు అది మనయెడల దీర్ఘశాంతమని పేతురు తన రెండవ పత్రిక 3వ అధ్యాయములో చెప్పెను. మనయెడల దయ చూపవలెనని దేవుడే కనిపెట్టుకొని యున్నాడని యెషయా గ్రంథము 30వ అధ్యాయములో చదువుదుము. మనము ఆయన కొరకు చూచుచున్నామనుకొందుము గాని మనకన్న ముందునుండి ఆయన మన కొరకు చూచుచున్నాడు.

నేడు మీలో ఒకరు వర్షము కొరకు, ఒకరు ఉద్యోగము కొరకు, ఒకరు బిడ్డ పెండ్లి కొరకు, ఒకరు కోర్టులోని తీర్పు కొరకు కనిపెట్టుకొని యున్నారు. మిమ్మును మీరు మూడు ప్రశ్నలు అడుగుకొనుడి. ఈ ఆలస్యములో నేను వేయవలసిన గట్టు ఏది? ఈ ఆలస్యమునకు కోపము తెచ్చుకొని నేను ఎవరి పేరు చెరిపితిని? నేను చూడకపోయినను నా తరువాతివారి కొరకు నేను కుండలో వేయుచున్న గుప్పెడు ఏది? మా మట్టుకు మేము ఒక తీర్మానము చేసికొంటిమి. ఇప్పుడు బండి ఉన్నను, నెలకొక రాత్రి కడపటి గ్రామములోనే బస చేయుచున్నాము.

ప్రార్థింతము. ప్రభువా, మా తొందరను క్షమించుము. నీవు తడవు చేయు దినములలో మా నోటిని, మా చేతులను, మా పొరుగువారిని కాచుకొనుటకు మాకు బుద్ధి దయచేయుము. ఫలము చూడక వెళ్లిపోయిన నీ దాసుల ప్రయాసను మరువక నెరవేర్చుము. నీవు వచ్చు దినమున మేము మెలకువగా నుండి, ఒకరితో ఒకరము సమాధానముగా నుండి నిన్ను ఎదుర్కొనునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.